మామా మొక్కు, కొరియా కషాయం

మామా బరువెంతో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దకొడుకు ఒకసారి బరువు చూసుకునే మిషను కొనుక్కొచ్చి స్నానాలగది ముందు పెట్టాడు. ఆమె దాన్ని ఎక్కలేదు సరికదా, తడి తువ్వాళ్లు పెట్టుకునే పీటగా వాడుకుంది. జెద్దాలో నేను పనిచేసిన ఆ ఇంటికి ఆమే పెద్ద దిక్కు. కొడుకులు, కోడళ్లు, పనివాళ్లు అందరూ ఆమెను 'మామా' అనే పిలిచేవారు. వాళ్ల భాషలో అమ్మ అని. మా కడప జిల్లాలో మామ అంటే మొగుడి తండ్రి కాబట్టి మొదటి నెలంతా నాకు ఆ పిలుపు నోటికి రాలేదు. తర్వాత అదే పాతుకుపోయింది. ఇప్పటికీ పెద్దవయసు ఆడమనిషి ఎవరైనా నేల మీంచి లేవడానికి అవస్థ పడుతుంటే నా నోటివెంట ముందు వచ్చేది ఆ మాటే.

ఇంకో సంగతి. ఆమె నాతో మాట్లాడింది అరబీలో. నాకొచ్చిన అరబీ అంతా ఆ వంటింట్లో నేర్చుకున్నదే. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే మాత్రం ఆమె మాటలు మా ఊరి యాసలోనే వినిపిస్తాయి. అలాగే రాస్తాను. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు, అది వేరే విషయం.

కువైట్ యుద్ధం వచ్చిన చలికాలం మా కిటికీల అద్దాలన్నిటికీ టేపులు అంటించాం. జెద్దా మీద బాంబులేమీ పడలేదు గానీ, ఆ ఇంట్లో మనశ్శాంతి అన్నది లేకుండా పోయింది. మామా చిన్నకొడుకు సైన్యంలో ఉండేవాడు. అతన్ని కువైట్ సరిహద్దు వైపు పంపారు. ఆ కబురు వచ్చిన రోజే మామా తన పరుపును టీవీ ముందు వేయించుకుంది. ఇక అక్కడి నుంచి కదల్లేదు. వార్తలు చూస్తూ తినేది, తింటూ వార్తలు చూసేది. ఖర్జూరాలు, మీగడ రాసిన రొట్టె, పుచ్చగింజలు, మధ్యాహ్నం పళ్లెం నిండా మాంసం అన్నం. నేను తెచ్చి పెడుతూనే ఉన్నాను. నమిలే చప్పుడు ఆగిందంటే ఏడుస్తోందని అర్థం. ఆ ఏడుపు చూడలేక ఇంకేదో తెచ్చి పెట్టేదాన్ని. నాకు చేతనైన ఓదార్పు అదొక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం టీవీ గొంతు తగ్గించమంది. రెండు చేతులూ ఎత్తింది. "నా బిడ్డ రెండు కాళ్ల మీద ఇంటికొస్తే, నేను నా రెండు కాళ్ల మీద కాబా చుట్టూ ఏడు సుట్లు తిరుగుతా," అంది. దేవుడితో అని, సాక్షి కావాలన్నట్టు నా వైపు చూసింది.

మొక్కు అంటే మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా చిన్నమ్మ మోకాళ్ల మీద కొండ మెట్లెక్కిన మనిషి. నేను తలూపాను.

యుద్ధం అయిపోయింది. చిన్నకొడుకు ఎండకు నల్లబడి, బుగ్గలు పీక్కుపోయి, రెండు కాళ్ల మీదే ఇంటికొచ్చాడు. తల్లిని కావలించుకుందామంటే చేతులు అందలేదు. ఆమె లేచి ఎదురెళ్దామనుకుంది గానీ లేవలేకపోయింది. నేనో పక్క, పెద్దకోడలో పక్క పట్టుకుని లేపితే తప్ప నిలబడే స్థితి లేదు. బిడ్డ బక్కచిక్కి వచ్చాడు, తల్లి కూర్చున్నచోటే గుమ్మడికాయలా ఊరింది. యుద్ధం ఒక్కొక్కరి మీద ఒక్కో రకంగా పడుతుంది కాబోలు.

కాబా ఉన్న మక్కా మాకు గంట దూరం. నెలలు గడుస్తున్నాయి, మొక్కు అలాగే ఉంది. ఆస్పత్రిలో మోకాళ్ల ఫొటోలు తీసి, ఇంత బరువుతో ఏడు చుట్లు నడవడం కుదరదన్నారు. కొడుకులు మసీదులో పెద్దలను అడిగొచ్చారు. చక్రాల కుర్చీలో తిరిగినా చెల్లుతుందని వాళ్లు చెప్పారు. కుర్చీ కూడా కొన్నారు. మామా దాని వంక కూడా చూడలేదు.

"మొక్కింది నా నోరు. తిరగాల్సింది నా కాళ్లు. కుర్చీ మొక్కలేదు గదా?" అంది.

ఏరు దాటాక తెప్ప తగలేసే రకాలను చాలామందిని చూశాను. ఈ ఆడమనిషి ఆ రకం కాదు. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు జీతం ఇచ్చే మనిషి మీద ఉండే భయం కాకుండా ఇంకేదో మొదలైంది. ఇష్టమే. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

కొరియా నర్సమ్మ మాకు ఆ ఆస్పత్రిలోనే దొరికింది. మామాను బరువు మిషను మీద నిలబెట్టి, ముల్లు చివరికంటా పోయినప్పుడు మిగతావాళ్లు ముసిముసిగా నవ్వారు, ఈమె నవ్వలేదు. చేతులు పట్టుకుని మెల్లగా దింపి, చెవిలో వచ్చీరాని అరబీలో ఏదో చెప్పింది. ఆమె తండ్రి, తాత కొరియాలో మూలికల వైద్యులట. నర్సు చదువుకు పోకముందు తండ్రి దగ్గర కూర్చుని సూదులు, కషాయాలు నేర్చుకుందట. మామా అక్కడికక్కడే, "శుక్రవారం మా ఇంటికి రా," అని హుకుం జారీ చేసింది. శుక్రవారం నర్సమ్మకు సెలవు. మా డ్రైవరు తీసుకొచ్చేవాడు. అతనిది నిజామాబాద్ వైపు, నన్ను అక్కా అనేవాడు. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే.

మొదటి శుక్రవారం నర్సమ్మ రక్తపోటు చూసింది. తర్వాత మామా రెండు మణికట్లూ పట్టుకుని మూడేసి వేళ్లతో నాడి చూసింది. ఎంతసేపు చూసిందంటే మామా కునుకు తీసి లేచింది. నాలుక చూసింది. పొట్ట మీద అరచెయ్యి పెట్టి అక్కడా ఇక్కడా నొక్కింది. చెమట పడుతుందా, నిద్ర పడుతుందా, పొద్దున్నే కడుపు ఖాళీ అవుతుందా అని అడిగింది. తిండి గురించి మాత్రం అడగలేదు. చివర్లో ఒక్క మాట అడిగింది. "భయం ఎన్ని రోజులు?"

మామా నా వైపు చూసింది. యుద్ధం గురించి నేనే చెప్పాను.

కడుపు చల్లబడిందని, లోపల తేమ పేరుకుందని, ఒళ్లు తిన్నదాన్ని కరిగించడం మానేసి దాచుకుంటోందని నర్సమ్మ చెప్పింది. సగం మాటలతో, సగం చేతులతో. నాకు భలే అర్థమైంది. మావాళ్లు దీన్నే కఫం అంటారు. ఇక నా తెలివి చూపించాలనిపించి, "లంఖణం పరమౌషధం, నాలుగు రోజులు కడుపు మాడిస్తే సరి," అన్నాను. నర్సమ్మ గట్టిగా తలడ్డంగా ఊపింది. కడుపు మాడిస్తే ఒళ్లు మళ్లీ భయపడుతుందట. భయపడితే ఇంకా దాచుకుంటుందట. వేడి గంజి తాగాలి, మెల్లగా నమలాలి, చల్లటి నీళ్లు మానాలి. తెల్లగా ముత్యాల్లా ఉండే ఒక గడ్డిగింజను దోరగా వేయించి, కాచి, ఆ నీళ్లు రోజంతా తాగాలి. మామాకు ఆ నీళ్లు నచ్చాయి. అంతకుమించి ఏదీ నచ్చలేదు.

కషాయం సంగతి చెప్పాలి. నర్సమ్మ ఒక మట్టికుండ తెచ్చింది. పక్కన పిడి ఉన్న, కూజా లాంటి కుండ. కొరియా నుంచి వచ్చిన కాగితం పొట్లాల్లో వేర్లు, బెరళ్లు, ఎండు నారింజ తొక్కలు, పుల్లలు. వాటిని కుండలో పోసి, మూతకు బదులు మూతి మీద తెల్లకాగితం కట్టి, సన్నటి మంట మీద పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా కాచాలి. తర్వాత గుడ్డలో వేసి, గుడ్డకు రెండు వైపులా రెండు కర్రలు పెట్టి మెలితిప్పి పిండాలి. ఆ పిండడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడన్నా మూలికల కొట్టు ముందు తగిలితే కాళ్లు ఆగిపోతాయి. ఆ రోజుల్లో మాత్రం అందరూ ముక్కు మూసుకునేవాళ్లు.

"అక్కా, ఏమొండుతున్నవ్? గల్లీ మొత్తం చెప్పులు కాలవెట్టినట్టు వాసనొస్తుంది. పక్కింటి సూడాన్ ఆయన గ్యాస్ లీకైందా అని అడుగుతుండు," అని డ్రైవరు గేటు దగ్గర నుంచి అరిచేవాడు.

మామా మొదటి గుక్క మింగలేక కక్కలేక నా కొంగు పట్టుకుంది. రెండో రోజు గుండె దడదడలాడుతోందని చెప్పింది. నేను పరుగున ఫోను చేయించాను. నర్సమ్మ డ్యూటీ దిగగానే వచ్చి నాడి చూసి, పొట్లాలన్నీ విప్పి, వాటిలోంచి పచ్చటి సన్న పుల్లలను ఒక్కొక్కటే ఏరి పారేసింది. బరువు తొందరగా తగ్గించే మందు అదేనట, కానీ ఈ గుండెకు పడదట. తొందర వద్దు అంది. మామాకేమో తొందరే కావాలి. రంజాన్ వస్తే జనం పెరిగిపోతారు, ఆ తొక్కిడిలో తను నడవలేదు, దానికి ముందే పోవాలి. ఇద్దరూ రెండు రకాల అరబీలో కాసేపు పోట్లాడుకున్నారు. నర్సమ్మే గెలిచింది.

సూదులంటే మామాకు ప్రాణం పోయేంత భయం. యుద్ధానికి కొడుకును పంపిన తల్లి, వెంట్రుక అంత సూదికి నా చెయ్యి నలిపేసేది. మోకాలి కింద, చీలమండ పక్కన, పొట్ట మీద గుచ్చి వదిలేసేది నర్సమ్మ. ఆ తర్వాత ఎండబెట్టి దంచిన ఒక ఆకు పొడిని చిన్న ముద్దలు చేసి, కాలి మీద అల్లం ముక్క వేసి, దానిపైన పెట్టి వెలిగించేది. అది చూసి నేను, "మా ఊర్లో వాత పెడతారు," అన్నాను. మామా, "మాకూ ఉండాది, కడుపునొప్పికి మా అవ్వ కాల్చింది సూడు," అని పొట్ట మీద పాత మచ్చ చూపించింది. వీపు మీద చర్మం లాగిపట్టే గాజు కప్పులు అంటిస్తే, "ఇది మాకు ప్రవక్త కాలం నుంచీ ఉండాది, కొరియావాళ్లు యాడ నేర్చుకున్యారో," అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఎవరి అవ్వలు వాళ్లకు ఎక్కడెక్కడ వాతలు పెట్టారో చూపించుకుంటూ ఆ శుక్రవారం అంతా గడిపేశాం.

అన్నిటికన్నా తమాషా చెవి గింజలు. ఆవగింజంత నల్లటి గింజను ప్లాస్టరు ముక్క మీద పెట్టి చెవి మడతల్లో అంటించేది నర్సమ్మ. అన్నం ముందు కూర్చోగానే వాటిని నొక్కాలి. ఆకలి అదుపులో ఉంటుందట. మామా వేళ్లు లావు, చెవిలో పట్టేవి కావు. ఆ పని నాకు పడింది. రోజూ భోజనానికి ముందు పళ్లెం ఎదురుగా పెట్టుకుని, యజమానురాలి రెండు చెవులూ నేను పట్టుకుని పిండుతుంటే, ఆమె "నెమ్మదే, నెమ్మదే!" అని అరుస్తుండేది. ఈ వార్త గేటు దాకా పోయింది.

"అక్కా, నిజమేనా? పెద్దమేడం చెవులు పిండుతున్నవంట గద! మనోళ్ల చెవులు ఆళ్లు పిండుడే సూశ్న గని, గిది కొత్తగున్నది," అన్నాడు డ్రైవరు.

చెవి గింజల వల్లో, గంజి వల్లో, కొడుకు ఇంట్లో కళ్లెదుట తిరగడం వల్లో నేను చెప్పలేను గానీ, మామా చేతి గాజులు వదులయ్యాయి. పళ్లెంలో సగం మిగల్చడం మొదలుపెట్టింది. పుచ్చగింజల డబ్బా మూత తీయక ముక్క వాసన పట్టింది. అప్పుడు నర్సమ్మ నడక మొదలుపెట్టమంది.

ఇంటికీ ప్రహరీగోడకూ మధ్య ఇంటి చుట్టూ బండలు పరిచిన దారి ఉండేది. సాయంత్రం నమాజు అయ్యాక, ఆడవాళ్లం నడవడానికి వీలుగా డ్రైవరు గేటు బయటికి వెళ్లిపోయేవాడు. మామా నా భుజం పట్టుకుని నడిచేది. మొదట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు. తర్వాత సగం చుట్టు. ఒక సాయంత్రం చుట్టు మొత్తం పూర్తిచేసి, వంటింటి గుమ్మం దగ్గర నా మీద వాలిపోయి, పరీక్ష పాసైన పిల్లలా నవ్వింది. అలా వారాల తరబడి నడిచాం. ఆమె చూపంతా తన కాళ్ల మీదే, నా చూపూ ఆమె కాళ్ల మీదే.

ఒకరోజు ఆమెకు ధైర్యం వచ్చింది. కింద చూడటం మానేసి, కళ్లు సగం మూసుకుని, అక్కడ చదవాల్సినవి చదువుకుంటూ నడిచింది. మూల తిరిగే చోట, కాబా మూలనున్న నల్లరాయి దగ్గర చేసినట్టు చెయ్యెత్తింది. అలా ఎత్తి, ఆగిపోయింది. ఎదురుగా ప్రహరీగోడ ఉంది.

"ఏమ్మే," అంది, "ఇల్లు ఈ పక్క ఎందుకుండాది?"

"ఎప్పుడూ ఈ పక్కే ఉండాది గదా మామా," అన్నాను.

అప్పుడు బయటపడింది. కాబా చుట్టూ తిరిగేటప్పుడు కాబా ఎడమ భుజం వైపు ఉండాలి. నేను మొదటి రోజు నుంచీ ఆమెను మా ప్రదక్షిణం తిప్పుతున్నాను. చుట్టు అనగానే నా కాళ్లు వాటంతట అవే ఇంటిని కుడిచేతి వైపు పెట్టుకున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఏ గుళ్లో అయినా అలాగే తిరిగాను, ఇంకో రకంగా తిరగొచ్చని కూడా తట్టలేదు.

"మా దేవుళ్ల సుట్టూ అట్లనే తిరుగుతాము. దేవుడు కుడిపక్కన ఉండాల," అన్నాను.

"మీ దేవుళ్లు యాడన్నా ఉండనీ! నా ఇల్లు ఎడమపక్కన ఉండాల!"

నవ్వి ఊరుకునే విషయమే అనుకున్నాను. మర్నాడు వెనక్కి తిప్పి నడిపించాక తెలిసింది, కాదని. ఇన్నాళ్లూ కుడికి తిరిగే ప్రతి మూల దగ్గరా భారం ఎడమకాలు మోసింది. ఇప్పుడు ఎడమకు తిరగాల్సి వచ్చేసరికి ఆ భారం కుడికాలి మీద పడింది. అలవాటు లేని మోకాలు రెండు రోజుల్లో వాచి రొట్టెలా పొంగింది. రంజాన్ చూస్తే దగ్గర పడుతోంది. మామా మళ్లీ టీవీ ముందు పరుపు మీద పడుకుంది.

"నా మొక్కు సెడగొట్టినావు," అంది గోడ వైపు తిరిగి.

నాకు కోపం కూడా వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. "నేనేమన్నా కావాలని తిప్పినానా? నువ్వు మాత్రం ఇన్నాళ్లు సూసుకోవద్దా, తిరగాల్సింది నువ్వు గదా?" అనేశాను. ఆ ఇంట్లో ఆ మాట అనడానికి ఎంత పొగరు ఉండాలో నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం ముందు చెవులు పట్టుకుంటే మామా నా చేతులు తోసేసింది.

శుక్రవారం నర్సమ్మ వచ్చేసరికి ఇద్దరం మూతులు ముడుచుకుని చెరో మూల ఉన్నాం. నేలమీద వేలితో ఇల్లు గీసి, ఇటు తిరిగాం, అటు తిరగాలి అని ఆమెకు చూపించాను. నర్సమ్మ ఆ గీత చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అంతగా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. "మంచిదే. ఒక కాలు నేర్చుకుంది. ఇప్పుడు రెండో కాలు," అంది. ఆకు ముద్దలన్నీ కుడి మోకాలి వైపు మార్చింది. వాపు తగ్గేదాకా కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పమంది. ఇటు తిరిగేటప్పుడు మామా, "ఇవి మీ దేవుడికి," అనేది. అటు తిరిగేటప్పుడు, "ఇవి నావి," అనేది. కోపం ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

రంజాన్ ఇంక కొద్ది రోజుల్లో ఉందనగా, ఒక పొద్దున్న నమాజు నుంచి మామా లేవడానికి నేను చెయ్యి అందించాను. ఆమె నా వేలు ఒక్కటి మాత్రం పట్టుకుని లేచింది. "రేపు పోదాము," అంది.

పోదాము అంది గానీ, నేను పోలేను. ముస్లింలు కాని మాలాంటివాళ్లను మక్కాలోకి రానివ్వరు. దారిలోనే రోడ్డు వేరైపోతుంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా ఇన్ని నెలలు ఆ కాళ్లతో పాటు నడిచాక, ఆ మాట వినగానే చెప్పులు ఎక్కడున్నాయా అని చూసుకున్నాను. డ్రైవరుదీ అదే పరిస్థితి. కొడుకులే కారు తీశారు. మామా కాదంటున్నా కుర్చీని మడతపెట్టి డిక్కీలో వేశారు. కారు వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే ఉన్నాను.

ఆ రోజు నాకు ఏ పనీ చేతికి రాలేదు. బియ్యం కడిగి, మళ్లీ కడిగాను. కషాయం కుండను తోమి ఎండలో పెట్టాను. ఏ చుట్టులో ఉందో, కుడి మోకాలు ఏమంటోందో, పక్కన ఎవరు చెయ్యిచ్చారో. చేతులు ఖాళీగా ఉంటే మనిషికి ఇంత కష్టంగా ఉంటుందని నాకు తెలియదు.

మధ్యాహ్నం దాటాక కారు వచ్చింది. డ్రైవరు సామాను దించడానికి డిక్కీ తీసి నన్ను పిలిచాడు. "అక్కా, సూడు. కుర్చీకి కట్టిన తాడు కట్టినట్టే ఉన్నది. ఇప్పనే లేదు."

మామా ఎవరినీ పట్టుకోకుండా లోపలికి వచ్చింది. నడకలో ఈడ్పు ఉంది గానీ పట్టుకోబోతే వద్దంది. సోఫాలో కూర్చుని కాళ్లు చాపింది. అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. నేను తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు, ఉప్పు వేసి తెచ్చి, కింద కూర్చుని ఆ పాదాలు నీళ్లలో పెట్టాను. ఏడు చుట్లూ ఎలా తిరిగిందో చెబుతుందని ఎదురుచూశాను. కోడళ్లు లోపలికి వెళ్లేదాకా ఆగింది.

"అక్కడ నీ కోసం అడగొచ్చో లేదో నాకు తెల్దు," అంది. "అడిగినా. నాకు తెల్దని గూడా ఆయనకు చెప్పినా."

"ఏమడిగినావు మామా?"

"నీ మోకాళ్లు గట్టిగా ఉండాలని."

నేను ఆ పాదాలు వదల్లేదు, తలెత్తలేదు. ఏడుస్తున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"సరేలే, కానీ," అంది మామా. "ఇంకో కాలు గూడా కడుగు."